మధ్యరకం తూటా: పాయకరావుపేట చెరకు తోట నుంచి చూస్తే

మందుగుండు అనే తెలుగు జంటపదంలో మందూ గుండూ ఇప్పటికీ విడివిడిగానే వినిపిస్తాయి; గొట్టం మూతిలోంచి ముందు మందు పోసి, దానిమీద పీచో గుడ్డపీలికో కూరి, ఆపైన గుండు జార్చి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే నాటు తుపాకీలో ఆ రెండూ నిజంగానే వేరువేరు సరుకులు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఈ రెండింటినీ, వాటికి నిప్పందించే కేపునూ కలిపి ఒకే ఇత్తడి గొట్టంలో బిగించడం స్థిరపడిన తరువాత తుపాకీ నింపడం క్షణంలో పనిగా మారింది, ఆ బిగించిన వస్తువుకే తూటా అనే పేరు నిలిచింది. వాడుకలో ‘తూటా తగిలింది’ అన్నప్పుడు ఆ మాట ఎగిరిపోయే లోహపు ముక్కకు మాత్రమే చెల్లుతుంది గనుక, ఈ అధ్యాయంలో గందరగోళం రాకుండా మొత్తం వస్తువును తూటా అనీ, దాని ముక్కున ఉండి గొట్టం దాటిపోయే భాగాన్ని గుండు అనీ, వెనక మిగిలిపోయే ఇత్తడి భాగాన్ని కేసు అనీ వ్యవహరించడం జరుగుతుంది.

కొలతలిచ్చి చేయించుకునే వేట రైఫిల్ విషయంలో కొత్తవారి చూపు ముందుగా కుందా చెక్క మీదా, దాని నగిషీ మీదా పడుతుంది గానీ, పనివాడు అడిగే మొదటి ప్రశ్న తూటా గురించే ఉంటుంది. కేసు పొడవును బట్టి బోల్టు ఎంత వెనక్కి జరగాలో, అంటే తుపాకీ యంత్రభాగం ఎంత పొడవుండాలో తేలుతుంది. కేసు అడుగు వ్యాసాన్ని బట్టి బోల్టు ముఖం తేలుతుంది. గుండు పొడవును బట్టి గొట్టం లోపలి మెలికల గాడులు ఎంత బిగువుగా తిరగాలో తేలుతుంది. మందు మోతాదును బట్టి గొట్టం ఎంత పొడవు, ఎంత మందం ఉండాలో, దాన్ని బట్టి తుపాకీ మొత్తం ఎంత బరువు తూగాలో తేలుతుంది. కుందా చెక్క చివరికి ఆ బరువును భుజానికి అప్పజెప్పే మధ్యవర్తి మాత్రమే.

తూటాల పేర్లలో ఒక పద్ధతంటూ లేకపోవడం ఈ శాస్త్రంలో అడుగుపెట్టేవారికి ఎదురయ్యే తొలి చికాకు. మన జిల్లాల్లో లైసెన్సుదారులు ‘త్రీ ఫిఫ్టీన్’ అని పిలిచే .315 అంటే అంగుళంలో 315 వేలవంతులు, అనగా 8 మిల్లీమీటర్లు. అది గాడుల గట్ల మధ్య గొట్టపు వ్యాసం, గుండు వ్యాసం మాత్రం దాదాపు 8.2 మి.మీ. ఉంటుంది. .30-06లో మొదటి అంకె అంగుళంలో 30 నూరోవంతులు కాగా, రెండో అంకెకు కొలతతో సంబంధమే లేదు, అది అమెరికా సైన్యం ఆ తూటాను స్వీకరించిన 1906వ సంవత్సరం. 7×57 అనే జర్మన్ పద్ధతిలో వ్యాసం, కేసు పొడవు రెండూ మిల్లీమీటర్లలో ఉంటాయి; అదే తూటా లండన్ దుకాణానికి చేరేసరికి .275 రిగ్బీ అయింది. ఇక ‘పన్నెండు బోరు’ అనేది ఒక పౌను సీసంతో సరిసమానమైన 12 గుండ్లు పోస్తే అందులో ఒకటి ఎంత లావుంటుందో అంత లావు గొట్టం అనే పాత లెక్క, అంటే సుమారు 18.5 మి.మీ. ఇన్ని భాషలు మాట్లాడే సంతలో ‘మధ్యరకం’ అన్న మాటకు ఒక్క అంకెతో హద్దు గీయడం సాధ్యం కాదు, స్థూలంగా 6.5 నుంచి 8 మి.మీ. వరకు గొట్టం, 9 నుంచి 16 గ్రాముల వరకు గుండు, 2,800 నుంచి 4,000 జౌళ్ల వరకు శక్తి గల తూటాలను ఆ పేరుతో పిలవడం రివాజు.

ఈ రివాజును ఒక నిర్దిష్టమైన నేల మీద పెట్టి చూస్తే తప్ప దాని అర్థం తేలదు. అనకాపల్లి జిల్లా నైరుతి కొసన, తాండవ నదికి ఇవతల పాయకరావుపేట, అవతల కాకినాడ జిల్లాలోని తుని ఉన్నాయి. ఒక పక్క పెంటకోట సముద్రతీరం, మరో పక్క తూర్పు కనుమల అంచు గుట్టలు, మధ్యలో 16వ నంబరు జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలుమార్గం, వాటి నడుమ వరి మడులు, కొబ్బరి, జీడిమామిడి తోటలు, తాండవ సహకార చక్కెర కర్మాగారానికి దశాబ్దాలపాటు చెరకు తోలిన పొలాలు. కొండ అంచు చేలలో చెరకు ఎదిగే కాలానికి అడవి పందికి తిండీ, నీడా, దాపరికమూ ఒకేచోట దొరుకుతాయి. రాత్రిపూట దిగిన మంద తిన్న దానికంటే తొక్కి, విరిచి పాడుచేసేది ఎక్కువ. రైతు చేతిలో ఉన్న ఉపాయాలు మంచె, డప్పు, టపాసులు, కంచెకు కట్టిన పాత చీరలు. వీటికితోడు కుసుమ, ఆముదం వంటి పంటలను గట్టు వరుసలుగా వేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కంచెకు కరెంటు తీగ తగిలించడం మాత్రం ఉపాయం కాదు, నేరం. ఆ తీగకు పందీ మనిషీ ఒకటే.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో వేట లైసెన్సుల పద్ధతే రద్దయింది. కనుక ఈ దేశంలో సరదా వేటకు చట్టంలో చోటు లేదు. మిగిలినది 11వ సెక్షన్ తెరిచి ఉంచిన ఇరుకు ద్వారం ఒక్కటే: 2022 సవరణ తరువాత రెండో షెడ్యూలులో ఉన్న అడవి పంది మనుషుల ప్రాణానికో, నిలిచి ఉన్న పంటకో ముప్పుగా మారిందని రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ విశ్వసించి, కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతి ఇచ్చినప్పుడే దానిపై తుపాకీ ఎత్తడం చట్టబద్ధమవుతుంది. ఈ అధ్యాయంలోని లెక్కలన్నింటికీ ఆ ఇరుకు ద్వారమే సందర్భం. లక్ష్యం 70 నుంచి 100 కిలోల వరకు తూగే ఒక అడవి పంది, దూరం సాధారణంగా 30 నుంచి 60 మీటర్లు, వెలుతురు తక్కువ, చుట్టూ ఊళ్లు.

తూటా పేలినప్పుడు కేసులోని మందు సెకనులో వెయ్యోవంతు పాటు మండి, సుమారు 4,000 వాతావరణాల పీడనం గల వాయువుగా మారి గుండును వెనకనుంచి తోస్తుంది; మందులోని రసాయన శక్తిలో మూడోవంతు కూడా గుండుకు చేరదు, మిగిలినదంతా వేడిగా, మోతగా, మూతి దగ్గర మెరుపుగా వృథా అవుతుంది. గుండుకు చేరిన శక్తి దాని బరువుకు అనులోమంగానూ, వేగపు వర్గానికి అనులోమంగానూ ఉంటుంది గనుక, బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు, వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. 7×57 తూటా 9 గ్రాముల గుండును సెకనుకు 800 మీటర్ల వేగంతో విసిరితే సుమారు 2,900 జౌళ్లు; .30-06 తూటా 11.7 గ్రాముల గుండును 820 మీటర్ల వేగంతో పంపితే 3,900కు పైచిలుకు; .315 తూటా 15.8 గ్రాముల బరువైన గుండును 620 మీటర్ల మందగతితో తోస్తే సుమారు 3,000. గౌరు అనే అడవిదున్నకూ, ఆఫ్రికా పెద్ద జంతువులకూ ఉద్దేశించిన .375 తూటా 1912లో వచ్చింది; అందులో గుండు 19.4 గ్రాములు, వేగం 770 మీటర్లు, శక్తి 5,700 జౌళ్లు దాటుతుంది. ఆ చివరిది మధ్యరకం హద్దు దాటినది.

శక్తి అంకె పెంచుకుంటూ పోవడం సులభమనిపించవచ్చు గానీ, గొట్టం అంత సులభంగా ఒప్పుకోదు. ఒకే వ్యాసం గల గొట్టంలోకి మరింత పెద్ద కేసునుంచి మరింత మందు కుక్కితే, ఆ వాయువంతా అదే ఇరుకు దారిన పోవాలి. అందువల్ల 1963లో వచ్చిన.300 విన్చెస్టర్ మాగ్నమ్ .30-06 కంటే దాదాపు పాతిక శాతం ఎక్కువ మందు కాల్చి, అదే గుండుకు సంపాదించిపెట్టే అదనపు వేగం పది శాతం మాత్రమే. ఆ పది శాతానికి వేటగాడు చెల్లించే మూల్యంలో మోత, భుజానికి తగిలే తన్ను, గొట్టం అరుగుదల, తుపాకీ బరువు అన్నీ చేరతాయి. మధ్యరకం తూటాలు నూరేళ్లకు పైగా నిలబడటానికి ఈ బేరమే కారణం: అవి మందుకు వేగం గిట్టుబాటయ్యే చోట ఆగాయి. 2007లో వచ్చి ఇటీవల ప్రపంచమంతా మోజు పుట్టించిన 6.5 క్రీడ్‌మూర్ చేసే పని వేట దూరాల్లో 1890ల నాటి స్వీడిష్ 6.5×55 చేసే పనికి దాదాపు సమానమే. కొత్త కేసు ఆకారానికి కొన్ని సుగుణాలున్నా, పందికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు.

తుపాకీ గుండు జంతువును గుద్ది పడేస్తుందన్న నమ్మకం సినిమాలు పెంచి పోషించినది. 11.7 గ్రాముల గుండు 820 మీటర్ల వేగంతో మోసుకెళ్లే ద్రవ్యవేగాన్ని, అంటే బరువు వేగాల లబ్ధాన్ని, 96 కిలోల పందికి పూర్తిగా అప్పగించినా ఆ పంది సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో జరుగుతుంది, అంటే చీమల బారు కంటే కాస్త చురుగ్గా. న్యూటన్ మూడో నియమం ప్రకారం దాదాపు అదే తోపు కాల్చినవాడి భుజానికీ తగులుతుంది. భుజాన్ని పడగొట్టనిది పందిని పడగొట్టదు. జంతువును పడగొట్టేది గాయం: గుండెనో ఊపిరితిత్తులనో చీల్చుకుపోయిన దారిలో రక్తపీడనం పడిపోయి, మెదడుకు ప్రాణవాయువు అందక కొన్ని సెకన్లలో స్పృహ తప్పడం. కనుక గుండుకు ఉండాల్సిన గుణాలు రెండు, అవి ఒకదానికొకటి ఎదురీదేవి. అది లోతుగా చొచ్చుకుపోవాలి, లోపలికి వెళ్లాక విచ్చుకుని దారిని వెడల్పు చేయాలి. ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించేలా రాగి తొడుగు వేసిన మెత్తముక్కు గుండు ఈ పనికోసమే పుట్టింది. సైనిక గుండు నిండు తొడుగుతో విచ్చుకోకుండా దూసుకుపోయి, జంతువును బాధతో పరుగెత్తించి, వెనక ఉన్నదానిని కూడా తాకుతుంది గనుక వేటకు పనికిరాదు.

చొచ్చుకుపోయే లక్షణాన్ని ముందుగా అంచనా వేయడానికి గుండు బరువును దాని వ్యాసపు వర్గంతో భాగించి చూస్తారు; ఈ నిష్పత్తి ఎక్కువైతే ఒక్కో చదరపు మిల్లీమీటరు వెనక ఎక్కువ బరువు నిలబడి తోస్తున్నట్టు. సూదికీ మేకుకీ ఉన్న తేడా ఇదే. గ్రాములు, మిల్లీమీటర్లలో లెక్కిస్తే 7×57కు ఆ నిష్పత్తి సుమారు 0.17, .30-06కు 0.19, .375కు 0.21, నిదానస్తుడైన .315కు ఏకంగా 0.235. మగ అడవి పంది భుజం మీద చర్మం కింద గట్టిపడిన పీచు కణజాలంతో ఒక డాలు వంటి పొర పెరుగుతుంది. పోట్లాటల్లో ఎదుటి పంది కోరలనుంచి కాపాడటానికి ఏర్పడిన ఆ పొర మీద తేలిక గుండు పైపైనే విచ్చుకుని శక్తి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. గుండె ముంగాళ్ల వెనక, ఛాతీలో బాగా కిందకి ఉండటం చేత ఆ డాలు అంచును దాటకుండా అక్కడికి చేరడం కష్టం. బరువైన గుండు మందగతితో వచ్చినా ఆ అడ్డును తొణకకుండా దాటుతుంది. పందుల విషయంలో శక్తి పట్టికలను చూసి .315ను చిన్నచూపు చూసేవారు ఈ రెండో పట్టికను చూడనివారు.

దూరం పెరిగేకొద్దీ లెక్క తారుమారవుతుంది. గొట్టం దాటిన మరుక్షణం నుంచి గుండు చెట్టునుంచి రాలిన మామిడిపండు వేగంతోనే కిందికి పడుతూ ఉంటుంది. ముందుకు పోయే వేగం ఆ పతనాన్ని ఆపదు, ఎక్కువ దూరానికి పరుస్తుంది, అంతే. గాలి అడ్డును పక్కన పెడితే 820 మీటర్ల వేగం గల గుండు 100 మీటర్లకు 7 సెంటీమీటర్లు, 200 మీటర్లకు 29 సెంటీమీటర్లు జారుతుంది. 620 మీటర్ల గుండు అవే దూరాలకు 13, 51 సెంటీమీటర్లు జారుతుంది. గాలిని కలిపితే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి. హిమాలయాల లోయకు అడ్డంగా 250 మీటర్ల అవతల నిలిచిన కొండమేక మీద గురిపెట్టేవాడికి .315 తలనొప్పి. చెరకు తోట గట్టున కూర్చున్నవాడికి 200 మీటర్లంటే అవతలి ఊరి పొలిమేర, అక్కడికి కాల్చడమన్న ప్రశ్నే లేదు.

తన్ను సంగతి పట్టికల్లో చిన్నదిగా, మైదానంలో పెద్దదిగా ఉంటుంది. గుండూ, దాని వెనక దూసుకొచ్చే వాయువూ కలిసి ముందుకు మోసుకెళ్లిన ద్రవ్యవేగమే తుపాకీని వెనక్కి నెడుతుంది, 3.6 కిలోల తుపాకీలో 7×57 పేలితే భుజానికి సుమారు 17 జౌళ్లు, .30-06 పేలితే 27 జౌళ్లు, 4.1 కిలోల తుపాకీలో .375 పేలితే 50 జౌళ్లకు పైగా అందుతాయి. మనిషి శరీరం రెండు మూడు తూటాలతోనే ఈ పాఠం నేర్చుకుని, నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కకముందే కన్ను మూసి భుజం ముడుచుకుంటుంది; ఆ ముడుచుకోవడం వల్ల తప్పే గురి, తూటాల మధ్య ఉన్న జారుడు తేడాలన్నింటికంటే పెద్దది. తుపాకీ బరువు పెంచితే తన్ను తగ్గుతుంది, కానీ ఆ బరువును కొండెక్కించాల్సింది మళ్లీ మనిషే. బక్కపలచటి మనిషి తనకు సరిపడే తూటాను ఎంచుకోవడం అవమానంగా భావించి పెద్ద తూటాకు పోవడం ఈ రంగంలో తరచుగా కనిపించే అవివేకం.

వేడి కూడా ఒక పాత్రధారే. మందు వేడెక్కితే త్వరగా మండుతుంది, పీడనం పెరుగుతుంది. రోహిణీ కార్తెలో ఎండకు పెట్టిన తూటా, పుష్యమాసపు తెల్లవారుజామున జేబులోంచి తీసిన తూటా ఒకే పీడనం ఇవ్వవు. కార్డైట్ అనే పొగలేని మందు వాడుకలోకి వచ్చిన కొత్తలో శీతల దేశంలో పరీక్షించిన తూటాలు ఉష్ణమండలంలో కేసు ఇరుక్కుపోయేంతగా బిగుసుకోవడం చూసి, లండన్ తయారీదారులు ఇక్కడి కోసం మందు కాస్త తగ్గించిన తూటాలను ప్రత్యేకంగా తయారుచేశారు. పీడనం హద్దుకు ఆనుకుని నిలిచిన తూటా కంటే కాస్త వెసులుబాటు మిగుల్చుకున్న తూటా కోస్తా వాతావరణానికి నప్పడానికి కారణం ఇదే.

ఇంతవరకు చెప్పినదంతా భౌతికశాస్త్రం. భారతదేశంలో రైఫిల్ తూటాను నిర్ణయించినది మాత్రం భౌతికశాస్త్రం కాదు, భయం. 1857 తిరుగుబాటును మరిచిపోని ప్రభుత్వం 1878 ఆయుధ చట్టంతో లైసెన్సు పద్ధతిని బిగించింది. సైన్యం వాడే తూటా ప్రజల తుపాకీల్లో పట్టకూడదన్నది దాని వెనక స్థిరపడిన సూత్రం. 1907 ప్రాంతంలో .450 వ్యాసపు రైఫిళ్ల దిగుమతిని భారత్, సూడాన్ దేశాల్లో నిషేధించినప్పుడు, పాత మార్టినీ–హెన్రీ సైనిక తుపాకీల గుండ్లుగా ఆ సరుకు తిరుగుబాటుదారుల చేతికి చేరుతుందన్నది కారణం. పెద్ద వేటకు అదే వ్యాసాన్ని నమ్ముకున్న లండన్ దుకాణాలు ఆదేశాన్ని తప్పించుకోవడానికి.465, .470, .475 అంటూ కొత్త తూటాలను వరసగా పుట్టించాయి. రాజాల, జమీందారుల అల్మారాల్లో జంటగొట్టాల రైఫిళ్ల మీద కనిపించే ఆ వింత అంకెల వెనక ప్రయోగశాల లేదు, ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. 1936లో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్ 300కు పైగా పులులను కూల్చినట్టు చెప్పుకొనే కాలమది. ఆయన బ్యాటింగ్ సగటును చూసినవారికి ఆ అంకె మీద సందేహం కలిగితే తప్పుపట్టలేం.

మధ్యరకం తూటాకు జరిగినదీ ఇదే. బ్రిటిష్ సైన్యపు తూటా .303 కావడంతో అది ప్రజలకు అందనిదైంది. ఆ తూటాకోసం కట్టిన లీ రైఫిల్ యంత్రాంగం మాత్రం బర్మింగ్‌హామ్‌లోని బీఎస్‌ఏ కర్మాగారంలో సిద్ధంగా ఉంది. ఆస్ట్రియా–హంగరీ సైన్యం 1890 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చిన 8×50 మాన్‌లిచర్ తూటా అడుగున అంచు ఉన్నదీ, కొలతల్లో .303కు దగ్గరిదీ కావడం చేత, కొద్దిపాటి మార్పులతో అదే యంత్రాంగంలో ఇమిడింది. బ్రిటిష్ ఇండియా సైన్యం దాన్ని వాడదు. అందుచేత అది ‘క్రీడా’ తూటా అయింది. డాన్యూబ్ తీరాన సైనికులకోసం పుట్టిన తూటా ఈ విధంగా .315 పేరుతో భారతీయ రైతు పొలం గట్టుకు చేరింది. స్వాతంత్ర్యానంతరం పశ్చిమ బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్‌ను తయారు చేయడం, తూటాలు కూడా ప్రభుత్వ కర్మాగారాల నుంచే రావడంతో ఆ ఏర్పాటు స్థిరపడింది. 1959 ఆయుధ చట్టం కింద వచ్చిన నియమాలు కూడా .303, 7.62 మి.మీ. సైనిక తూటాలు పట్టే బోల్టు రైఫిళ్లను నిషిద్ధ తరగతిలో ఉంచాయి. .30-06 గుండు వ్యాసం 7.62 నాటో గుండుతో సమానమే అయినా, కేసు పొడవు 63 మి.మీ. కావడంతో 51 మి.మీ. సైనిక తూటా అందులో సరిగా పట్టదు. ఆ 12 మిల్లీమీటర్ల పుణ్యాన.30-06 సాధారణ తరగతిలోకి వచ్చింది, ఈషాపూర్ దాన్ని కూడా తయారుచేసింది. దానికి సాటి అనదగ్గ .308 విన్చెస్టర్ సైనిక తూటాకు కవల కావడంతో బయటే ఉండిపోయింది.

పాలకుల భయం నిరాధారమైనదేమీ కాదని పాయకరావుపేటకు ఉత్తరాన ఉన్న కొండల చరిత్రే చెబుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడిచేసి తీసుకువెళ్లినవాటిలో 26 తుపాకీలూ, 2,500కు పైగా తూటాలూ ఉన్నాయి. మూడు రోజుల్లో మూడు ఠాణాలు కోల్పోయిన పాలకులకు తుపాకీల కంటే తూటాలే ప్రాణమని తెలుసు. మన్యం మనిషి నాటు తుపాకీకి మందు కలుపుకోగలడు, సీసం పోసుకోగలడు, కానీ ఇత్తడి కేసునూ కేపునూ అడవిలో తయారుచేయలేడు. తూటా అయిపోయిన మరునాడు ఠాణా తుపాకీ కర్రతో సమానం. భారతీయ పోలీసు, జైలు కాపలాదారులకోసం .303 రైఫిళ్ల గాడులు తొలిచి .410 మస్కట్లుగా మార్చిన పద్ధతిలోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది. వాటిని ఎవరైనా ఎత్తుకుపోయినా సైన్యం తూటాలు వాటిలో పనికిరావు.

తూటాను స్వేచ్ఛగా ఎంచుకోగలిగిన దేశాల్లో కథ మరోలా నడిచింది. జర్మన్ మౌజర్ సంస్థ బోల్టు ముఖాన్ని సుమారు 12 మి.మీ. వ్యాసపు కేసు అడుగుకు స్థిరపరిచింది. 1888 నాటి 8×57, 1892 నాటి 7×57, సముద్రానికి అవతల.30-06, 1952 నాటి .308 అన్నీ అదే అడుగు మీద నిలిచాయి. ఫలితంగా ఒకే యంత్రాంగానికి గొట్టం మార్చితే చాలు, తూటా మారిపోయేది; రైఫిల్ కట్టించుకునే కళ ఈ సౌలభ్యం మీదే పెరిగింది. 1907లో చంపావత్ నరభక్షక పులిని కూల్చిన జిమ్ కార్బెట్‌కు కానుకగా అందిన రైఫిల్ ఆ కోవలోని .275 రిగ్బీయే, తేలిక గుండు, తక్కువ తన్ను, గీత గీసినట్టు గురి. దక్షిణాదిన, తిరుపతి సమీపంలోని మామండూరు అడవుల దాకా తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నది అందుకు భిన్నమైన .405 విన్చెస్టర్, 19 గ్రాములు దాటిన గుండును 670 మీటర్ల వేగంతో దగ్గరి దూరానికి విసిరే 1904 నాటి తూటా పట్టే అమెరికన్ లీవర్ తుపాకీ. కార్బెట్‌కు కుమావూఁ లోయల దూరం, ఆండర్సన్‌కు చిత్తూరు ముళ్లపొదల సామీప్యం. ఇద్దరి ఎంపికలో ఏది మేలన్న వాదన, కొడవలి మేలా గొడ్డలి మేలా అన్న వాదనలాంటిది.

ఈ లెక్కలన్నీ పట్టుకుని పాయకరావుపేటకు తిరిగి వస్తే విచిత్రమైన ఫలితం ఎదురవుతుంది. ఏ శాస్త్రజ్ఞుడూ దీని గుణాలు చూసి ఎంచని .315, ఉత్తర్వు తప్పించుకోవడానికి కాకతాళీయంగా దిగిన .315, 60 మీటర్లలోపు అడవి పందికి కావలసిన బరువైన మందగతి గుండును సరిగ్గా అందిస్తుంది. తూటాలు దేశంలోనే దొరుకుతాయి, జిల్లా కలెక్టరు ఇచ్చే సాధారణ లైసెన్సు సరిపోతుంది, పీడనం తక్కువ గనుక ఎండను తట్టుకుంటుంది. .30-06 దీనికంటే మెరుగైన తూటా అనడంలో సందేహం లేదు, కానీ ఆ మెరుగంతా 150 మీటర్ల తరువాతే మొదలవుతుంది. ఉన్న తుపాకీ గొట్టాన్ని కొత్త తూటాకు తొలిపించుకోవాలన్న కోరిక కలిగినా, తయారీ లైసెన్సు లేని చేతితో బోరు మార్పించడం చట్టరీత్యా నేరం. పన్నెండు బోరు తుపాకీలో వాడే ఎల్‌జీ తూటా ఒక్కసారిగా కొన్ని పెద్ద గుండ్లను చల్లుతుంది; 30 మీటర్లు దాటాక అవి చెదిరి, పందిని చంపకుండా గాయపరచే అవకాశం ఎక్కువ, అయితే రైఫిల్ గుండులా ఊరు దాటిపోవు.

ఊరు దాటిపోవడం అన్నది ఇక్కడ అసలు చిక్కు. ఈ తరగతి రైఫిల్ గుండు ఎత్తిన గొట్టంనుంచి బయలుదేరితే మూడు కిలోమీటర్లకు పైగా పోగలదు. రహదారి, రైలు పట్టా, గుడిసె, పశువుల పాక లేని మూడు కిలోమీటర్లు ఈ మండలంలో వెతికినా దొరకడం కష్టం. నేల మీద నిలబడినవాడి తుపాకీ భూమికి 1.4 మీటర్ల ఎత్తున ఉండి, 40 మీటర్ల దూరంలో అర మీటరు ఎత్తున పంది ఛాతీని తాకితే, దాన్ని దాటిన గుండు చదును నేలపై ఇంకో 22 మీటర్లు పోయి మట్టిలో దిగుతుంది. అదే గుండు గురి తప్పి పంది వీపు మీదుగా మీటరు ఎత్తున పోతే 100 మీటర్ల అవతలకు చేరుతుంది. ఇంకాస్త పైకి తప్పితే అది ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి లెక్క అక్కరలేదు, అదృష్టం కావాలి. తుపాకీ 5 మీటర్ల ఎత్తున ఉండేలా మంచె మీద కూర్చుంటే పందిని దాటిన గుండు నాలుగున్నర మీటర్లలోపే, వీపు మీదుగా తప్పిన గుండు 10 మీటర్లలోనే నేల తాకుతుంది. మంచె కూడా పూర్తి హామీ కాదు. వాలు ఆరేడు డిగ్రీలే గనుక రాతినో, నీరు నిలిచిన మడినో తాకిన గుండు తిరిగి లేచే వీలుంది, మెత్తముక్కు గుండు అలాంటి చోట ఛిద్రమవడం కొంత ఊరట.

కొలతలిచ్చి చేయించుకునే తుపాకీ గురించి రాసిన పుస్తకాల్లో మంచె ఎత్తు గురించి ఒక పుట కూడా కనిపించదు. ఆ పుస్తకాలు రాసినవారికి చెరకు తోటలు లేకపోవడం కారణం కావచ్చు. ఆ మంచె మీదనుంచి 40 మీటర్ల దూరానికి .30-06 గుండు 12 మిల్లీమీటర్లు, .315 గుండు 20 మిల్లీమీటర్లు జారుతాయి. రెండు తూటాల మధ్య తేడా 8 మిల్లీమీటర్లు. తాండవ పాయలో పొర్లి వచ్చిన పంది ఒంటిమీద ఎండిన బురద పెళ్ల సాధారణంగా అంతకంటే మందంగానే ఉంటుంది.